ప్లీహంలో మోతగాళ్లు

సుజ్ఞానమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూడగలిగే సూక్ష్మదర్శిని ఒకటి ఆమె బల్ల మీద ఉండేది. వచ్చినవాళ్లను దాని ముందు కూర్చోబెట్టి, "ముందు ఇది చూడు" అనేవారు. చూశాక, "ఏం కనిపించింది?" అని అడిగేవారు. సగం మంది తాము అడగవచ్చిన సంగతే మరిచిపోయి వెళ్లిపోయేవారు. మిగిలిన సగం మంది కోపం తెచ్చుకుని వెళ్లేవారు. కోపం వచ్చినవాళ్లే మళ్లీ వస్తారని ఆమె అనుభవం.

రాయలసీమలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఆమె పాథాలజీ చెప్పేవారు. పరిశోధన మాత్రం ప్లీహం మీద. గుండె మీదో మెదడు మీదో పనిచేస్తే పేరొస్తుంది గానీ ప్లీహాన్ని ఎవరు పట్టించుకుంటారని తోటి ఆచార్యులు ఎగతాళి చేసేవారు. అది లేకపోయినా మనిషి బతుకుతాడు కదా అనేవారు. "బతుకుతాడు, సరైన జ్వరం వచ్చేదాకా" అని ఆమె తన పని తాను చేసుకునేవారు. పొట్టకు ఎడమ పక్కన, పక్కటెముకల చాటున పిడికెడంత అవయవం అది. ఒంట్లోని నెత్తురంతా విడతలు విడతలుగా అందులోకి వచ్చి, పరుగు తగ్గించుకుని, సోదా చేయించుకుని పోవాలి. ఊరంతటినీ అనుమానంగా చూసే చెక్‌పోస్టు లాంటిది.

అనుమానం సంగతి అడగడానికే ఆ బుధవారం ఓబులేశు ఆమె గదికి వచ్చాడు. సామాజిక వైద్యంలో పీజీ రెండో ఏడు చదువుతున్నాడు. జూనియర్ డాక్టర్ల సంఘానికి కార్యదర్శి. ఎంబీబీఎస్ రెండో ఏడు నుంచీ ఆమె శిష్యుడు. ఆ కళాశాలలో అతను తల వంచి మాట్లాడే మనిషి ఆమె ఒక్కరే. హాస్టల్ గోడల మీద ఎర్ర రంగు నినాదాలన్నీ అతని చేతిరాతే. "నెత్తురు పరీక్ష అమ్మకానికి లేదు" అని ఒకటి. "మౌనం ద్రోహానికి మారుపేరు" అని ఇంకొకటి. "తటస్థుడు అంటే అవతలివాడే" అన్నది ఈ మధ్య రాసింది. దాని రంగు ఇంకా ఆరలేదు.

"మేడం, మనలో ఉంటా శత్రువు పని చేసేవాణ్ణి ఎట్లా గుర్తుపట్టాల?" అన్నాడు కూర్చోకుండానే.

అతని కోపంలో అబద్ధం లేదు. ఆసుపత్రి ల్యాబులన్నింటినీ ఒక కంపెనీకి అప్పగించాలని పైవాళ్లు నిర్ణయించారు. బిడ్డ కామెర్లకు చేయించే పరీక్షకు, చెంచు గూడెం నుంచి నడిచొచ్చిన తల్లి రేపటి నుంచి కంపెనీ కిటికీ ముందు చేయి చాచాలి. దానికి ఆధునికీకరణ అని పేరు పెట్టారు. పేదవాడి నోటి దగ్గరిది లాక్కునే ప్రతి పనికీ ఈ దేశంలో ఒక అందమైన పేరు దొరుకుతుంది. సంఘం దీన్ని ఎదిరించింది. కానీ సంఘం ఏం తలపెట్టినా తెల్లవారేసరికి సూపరింటెండెంటుకు తెలిసిపోతోంది. మంత్రి వచ్చే దారిలో కూర్చోవాలనుకుంటే మంత్రి వేరే దారిన వచ్చి పోయాడు. ల్యాబు తలుపుకు నల్ల జెండా కట్టాలనుకుంటే, వీళ్లు వెళ్లేసరికే అక్కడ పోలీసులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లోపల ఎవరో ఉన్నారు. ఇప్పుడు సోమవారం నుంచి సమ్మె అనుకున్నారు. శనివారం సాయంత్రం సర్వసభ్య సమావేశం. అక్కడ ఆ ఎవరో పేరు బయటపెట్టి సంఘం నుంచి గెంటేస్తానని ఓబులేశు మాట ఇచ్చేశాడు.

"పేరు తెలుసా?" అన్నారు సుజ్ఞానమ్మ గారు.

"సింహాచలం."

బయోకెమిస్ట్రీ పీజీ మొదటి ఏడు. శ్రీకాకుళం వైపు వాడు. సీట్ల కేటాయింపులో చివరి విడతలో, అందరూ చేరిపోయాక, ఒక రేకు పెట్టె పట్టుకుని దిగాడు. అతని మాట తీరు ఇక్కడి వాళ్లకు నవ్వులాట. ధర్నాలో పిడికిలి ఎత్తుతాడు గానీ నోరు తెరవడు. ఇవి అనుమానాలే, రుజువులు కావని ఓబులేశు కూడా ఒప్పుకునేవాడు. కానీ గత వారం సింహాచలం బస్టాండు ఎదుటి బిర్యానీ హోటల్లో కంపెనీ మనిషి ఎదురుగా కూర్చుని తింటూ కనిపించాడు. మరునాడు కంపెనీ బొమ్మ ఉన్న నీలం సంచి భుజాన తగిలించుకుని, దాచుకోవాలన్న సిగ్గయినా లేకుండా, మెస్‌లోకి వచ్చాడు. ఆ రోజు నుంచి అతనితో ఎవరూ మాట్లాడకూడదని ఓబులేశు కట్టడి చేశాడు. అతను వస్తే మాటలు ఆగిపోతాయి. అతను కూర్చుంటే బల్ల ఖాళీ అవుతుంది. శనివారం పేరు చదివాక ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కోవర్టు అన్న ముద్ర పడినవాడికి ఈ హాస్టల్లో గది ఉండదు. గది లేనివాడికి ఈ ఊళ్లో చదువు ఉండదు. పెట్టె పట్టుకుని వచ్చిన దారినే పోవాలి.

సుజ్ఞానమ్మ గారు అంతా విని, "కూర్చో, ముందు ఇది చూడు" అన్నారు.

ఓబులేశు పళ్లు బిగబట్టి సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాడు. చీకట్లో దీపాల వరుస కనిపించినట్టయింది. అది ఎలుక ప్లీహంలోంచి కోసిన పలుచని పొర. ఎలుక నెత్తుటిలోకి ఒక పరాయి పదార్థం పంపామనీ, ఎర్రగా మెరుస్తున్నది అదేననీ, పచ్చగా మెరిసేవి ఎలుక సొంత కణాలేననీ ఆమె అవతలి పక్క నుంచి చెప్పారు. పరాయిది ఒంట్లోకి చేరిన కాసేపటికే తీసిన పొర ఇది. ఎరుపంతా అంచున ఉంగరంలాగా పేరుకుని ఉంది. నెత్తురు ఆ అంచు దగ్గరే నెమ్మదిస్తుందట. అక్కడ పెద్ద పెద్ద భక్షక కణాలు కాచుకుని కూర్చుని, దాటిపోయే పరాయిదాన్ని చేతులు చాచి పట్టుకుంటాయట.

"ఏం కనిపించింది?"

"కాపలా," అన్నాడు ఓబులేశు. అతనికి కొంచెం ఉత్సాహం వచ్చింది. "గేటు దగ్గరే ఆపినాయి. అట్లా ఉండాల."

ఆమె గాజుపలక మార్చారు. ఇది కొన్ని గంటల తర్వాత తీసిన పొర. అంచున ఎరుపు పలచబడింది. లోపల, కోట నడిబొడ్డు లాంటి చోట, పచ్చని గుంపుల మధ్య, కొమ్మలు కొమ్మలుగా చాచుకున్న కొన్ని కణాల మీద ఎర్రని చుక్కలు వేలాడుతున్నాయి. ఓబులేశు వీపు నిటారయింది. "లోపలికి దాటించినారు. ఎవురు?" అన్నాడు, తన హాస్టల్ సంగతే మాట్లాడుతున్నట్టు. ఆమె కటకం మార్చి బొమ్మను పెద్దది చేశారు. అంచుకూ నడిబొడ్డుకూ మధ్య దారిలో కొన్ని పచ్చని కణాలు కనిపించాయి. ఒక్కొక్కదాని ఒంటి మీద ఎర్రటి పొడి అంటుకుని ఉంది. అవి బి కణాలు. నెత్తుటిలోకి ప్రతిరక్షకాలనే ఆయుధాలు తయారుచేసి వదిలే జాతి అని ఓబులేశు చదువుకున్నాడు. అవి ఇలా పరాయిదాన్ని ఒంటికి పూసుకుని లోపలికి నడుస్తాయని అతని పుస్తకాల్లో ఉన్నా అతనికి గుర్తు లేదు.

"వీళ్లే మేడం. మన రంగు వేసుకోని, వాళ్ల సరుకు మోస్తా ఉండారు. బయట ఆగినదాన్ని ఇంటి నడిమికి తెచ్చినారు. ద్రోహులు."

"తీసేద్దామా వీటిని?"

"తీసేయాల."

సుజ్ఞానమ్మ గారు దీపం ఆర్పి, లేచి, అతన్ని ప్రయోగాల ఎలుకలను పెంచే జంతుశాలకు తీసుకువెళ్లారు. అక్కడ గోడ వారగా రెండు పంజరాలు ఉన్నాయి. అది ఓబులేశు కోసం పెట్టిన ప్రయోగం కాదు. అనుమతులు తెచ్చుకుని ఆమె చాలాకాలంగా చేస్తున్న పనిలో ఒక భాగం. ఎడమ పంజరంలోని ఎలుకలకు ఒక మందు ఇచ్చి, ప్లీహం అంచున ఉండే ఆ మోత కణాలను లేకుండా చేశారు. భక్షక కణాలను ముట్టుకోలేదు. కుడి పంజరంలోవి ఎలా పుట్టినవి అలాగే ఉన్నాయి. న్యుమోనియా తెచ్చే సూక్ష్మజీవులను రెండింటికీ ఒకే మోతాదులో ఆ ఉదయమే నెత్తుటిలోకి ఎక్కించారు.

"శనివారం పొద్దున రా. మీ మీటింగు కంటే ముందు," అన్నారామె. "ఏ పంజరం బాగుంటుందంటావు?"

"ఎడమది," అన్నాడు ఓబులేశు వెంటనే. "కాపలా ఉంది. ద్రోహులు లేరు. ఇంకేం కావాల?"

ఆమె ఎలుకలకు నీళ్ల సీసా సరిచేస్తూ, "నీ హాస్టల్ కూడా అలాగే ఉండాలన్నమాట" అన్నారు. ఓబులేశుకు అది పొగడ్తో ఎగతాళో తెలియలేదు. తెలియనిదాన్ని అతను ఎగతాళి కిందే జమ కట్టుకునేవాడు.

గురు, శుక్రవారాలు అతను సమ్మె పనుల్లో తిరిగాడు. తిరుగుతున్నంతసేపూ కళ్లు సింహాచలం మీదే. అతను ఫోన్ మాట్లాడితే ఎవరితోనని ఆరా. ఒంటరిగా నడిస్తే ఎక్కడికని ఆరా. శుక్రవారం మధ్యాహ్నం సింహాచలం తనే ఓబులేశు గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, ఒక్క మాట చెప్పాల" అన్నాడు. "ఏదున్నా రేపు అందరి ముందర మాట్లాడు" అని ఓబులేశు తలుపు వేశాడు. వేసిన తలుపు వెనక నిలబడి, అవతల అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు. భయపడుతున్నాడంటే తప్పు చేసినట్టే అనుకున్నాడు. భయపడకపోయినా అతను అదే అనుకునేవాడు.

సంఘం సహాయ కార్యదర్శి ముంతాజ్ ఆ సాయంత్రం క్యాంటీన్లో అతనికి ఎదురుగా కూర్చుంది. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తుంది. ఓబులేశు బ్యాచే కాబట్టి అతనికి జంకదు. "ఏం రా, రేపు ఉరి తీస్తాండావంటనే" అంది టీలో బిస్కెట్టు ముంచుతూ.

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాట ఏముంది? వాని సంచి చూసినావు. సంచిలో ఏముందో అడిగినావా?"

"ద్రోహితో చర్చలుండవు."

"ఇది యా గోడ మీద రాసినావు? చూడలేదే నేను," అంది ముంతాజ్. బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. ఆమె దాన్ని చెంచాతో వెతుక్కుంటుంటే ఓబులేశు లేచి వెళ్లిపోయాడు. రేపటి సమావేశంలో ముంతాజ్ ఎటువైపు అన్న ప్రశ్న అతనికి అప్పుడే మొదటిసారి వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడలేదు. జాగ్రత్త అనుకున్నాడు.

శనివారం పొద్దున జంతుశాలకు వెళ్లేసరికి సుజ్ఞానమ్మ గారు చేతులకు తొడుగులు వేసుకుని ఉన్నారు. కుడి పంజరంలో ఎలుకలు దాణా కోసం కొట్లాడుకుంటున్నాయి. ఎడమ పంజరంలో కొట్లాట లేదు. ఎలుకలు మూలకు చేరి, బొచ్చు నిక్కబొడుచుకుని, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. కళ్లు సగం మూతపడ్డాయి. కొన్నింటికి ఊపిరి లేదు.

ఓబులేశు పంజరం మీదికి వంగి చూశాడు. "మందు వికటించి ఉంటుంది" అన్నాడు.

"ఇదే మందు ఇచ్చి, సూక్ష్మజీవులు ఎక్కించనివి పక్క గదిలో ఉన్నాయి. శుభ్రంగా తిరుగుతున్నాయి. చూస్తావా?"

"దాణా ఎవరన్నా మార్చినారేమో."

"అదే బస్తా."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు అతను సింహాచలాన్ని చూసే చూపే. "మేడం, నాకు పాఠం చెప్పడానికని మీరే ఇట్లా సర్దిపెట్టినారా?"

"నా ఎలుకలను చంపుకునేంత ముఖ్యుడివని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు ఓబులేశూ," అన్నారు సుజ్ఞానమ్మ గారు. ఆమె గొంతులో కోపం లేదు. చనిపోయిన ఎలుకను తోక పట్టుకుని కాకుండా, అరచేతిలోకి తీసుకుని బల్ల మీద పడుకోబెట్టారు. పని చేస్తూనే మాట్లాడారు. అంచున ఉన్న భక్షక కణాలు పట్టుకోగలిగినంత పట్టుకున్నాయి, తినగలిగినంత తిన్నాయి. అవి సోమరులు కావు. కానీ తినేసినదాన్ని ఇంకొకరికి చూపించలేవు. కొన్ని భక్షక కణాలు పట్టుకున్నదాన్ని మింగకుండా ఒంటి మీదే నిలిపి ఉంచుతాయి. ఆ పక్కనే తిరిగే మోత కణాలు దాన్ని అందుకుంటాయి. ఉన్నది ఉన్నట్టుగా, ముక్కలు చేయకుండా, లోపలికి తీసుకుపోయి కొమ్మల కణాలకు తగిలిస్తాయి. మళ్లీ అంచుకు వస్తాయి, మళ్లీ పోతాయి. తొలి ఆయుధాలు కూడా చాలావరకు వాటివే. కొమ్మల కణాలు తగిలించినదాన్ని రోజుల తరబడి అలాగే పట్టుకుని ఉంటాయి. దారిన పోయే ప్రతి కణమూ ఆగి, తడిమి, తనకు తెలిసినదేనా కాదా అని చూసుకుని పోతుంది. ఎక్కడో ఒకదానికి అది సరిపోతుంది. ఒంట్లో యుద్ధం అప్పుడు గాని మొదలుకాదు.

"ఎడమ పంజరంలో కాపలా ఉంది," అన్నారామె. "కబురు లేదు."

"అయితే ఒంటి మీద పరాయిది కనిపించినంత మాత్రాన..." అని ఓబులేశు మొదలుపెట్టి ఆపేశాడు.

ఆమె తొడుగులు తీసి చేతులు కడుక్కుంటూ, "మీటింగు ఎన్నింటికన్నావు?" అన్నారు.

అతను అక్కడి నుంచి కోపంగానే బయటపడ్డాడు. ఎలుకలు నినాదాలు ఇవ్వవు, ఎలుకలకు బిర్యానీ పెట్టేవాళ్లు ఉండరు అని తనలో తను వాదించుకున్నాడు. మనిషి వేరు, మనిషి అమ్ముడుపోతాడు అనుకున్నాడు. కానీ కాళ్లు సమావేశపు హాలు వైపు కాకుండా బయోకెమిస్ట్రీ ల్యాబు వైపు తీసుకుపోయాయి. సింహాచలం ఒక్కడే కూర్చుని ఆ పొద్దుటి నెత్తురు గొట్టాలను యంత్రంలో అమరుస్తున్నాడు. ఓబులేశును చూసి లేచాడు. కూర్చోమనలేదు. ఆ వారంలో అతను కూర్చోమన్న ఏ కుర్చీలోనూ ఎవరూ కూర్చోలేదు మరి.

"ఆ సంచి ఎక్కడిది?" అన్నాడు ఓబులేశు.

"కంపెనీ ఆయన ఇచ్చినాడన్నా."

"ఎందుకిచ్చినాడు?"

"బిర్యానీ తినిపించినాడు, సంచి ఇచ్చినాడు, ఇంకా నయం, బట్టలు పెట్టలేదు," అన్నాడు సింహాచలం. నవ్వుదామని చూశాడు గానీ ఎదుటివాడి ముఖం చూసి మానేశాడు. "ఈ మెషిన్ల గురించి అడిగినాడన్నా. జూనియర్లు లేకపోతే ల్యాబు ఎన్ని గంటలు నడుస్తాదీ, ఏ టెస్టు ముందు ఆగిపోతాదీ అని. తిన్నాక నోరు జారీసినాడు. మీవోళ్లు సమ్మె బేగి మొదలెడితే మాకూ బేగి తేలిపోతాది అన్నాడు. ల్యాబు మూతపడితే రోగుల ప్రాణాలకి ముప్పని చెప్పి, ఆ పూటే అత్యవసరం కింద కంపెనీ ఆలకి అప్పజెప్పీస్తారట. ఆల మెషిన్లేసుకొచ్చే లారీ సోమవారానికే కట్టించి ఉంచినారట."

ఓబులేశు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. సోమవారం సమ్మె పెట్టింది తనే. "ఇది ఎందుకు చెప్పలేదు?"

"ఎవులికి చెప్పాలన్నా? మెస్‌లో కూకుంటే లెగిసిపోతారు. నిన్న మీ గదికే వచ్చినాను."

"సంచి ఎందుకు తగిలించుకుని తిరిగినావు?"

"ఎవులైనా అడుగుతారని. 'ఏట్రా ఈ సంచి' అని ఒక్కలు అడిగితే చాలు, చెప్పీద్దుననుకున్నాను. అందరూ చూసినారు. అడిగినోళ్లు ఒక్కలూ నేరు."

ఓబులేశు అనుమానం అక్కడితో చచ్చిపోలేదు. నిజం చెప్పాలంటే ఇంకా పదునెక్కింది. సమ్మె ఆపించడానికి కంపెనీయే ఈ మాట ఇతని నోట పంపించి ఉండవచ్చు. సమ్మె జరిగితే వాళ్లకు లాభమని నమ్మించి, జరగకుండా చూడటంలోనే వాళ్ల లాభం ఉండవచ్చు. ఎటు తిప్పినా పట్టు దొరకని కత్తి ఇది. "నిన్ను నమ్మమంటావా?" అన్నాడు.

"నన్ను నమ్మొద్దన్నా," అన్నాడు సింహాచలం. "నాను తెచ్చింది అందుకోండి. అందరూ కలిసి చూసి, అబద్ధమైతే పారీయండి. నన్ను కూడా పారీయండి."

ఆ సాయంత్రం హాలు కిటికీల దాకా నిండిపోయింది. పేరు వినడానికి వచ్చిన జనం అది. సమ్మె గురించి వచ్చినవాళ్లు తక్కువ. ఓబులేశు వేదిక ఎక్కగానే ఎవరో వెనక నుంచి "పేరు, పేరు" అన్నారు. సింహాచలం చివరి వరుసలో, రెండు పక్కలా ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఉన్నాడు. ఓబులేశు నోటి దాకా వచ్చిన నినాదాలన్నీ, విచిత్రంగా, ఆ పూట ఎవరో ఇంకొకరు రాసినవిగా అనిపించాయి. ఆ పేరు చదివితే హాలంతా చప్పట్లు కొడుతుంది. తను గెలిచినట్టే. ల్యాబు మాత్రం సోమవారం పోతుంది. పోదేమో కూడా. అతనికి తెలియదు.

"ఒక సంగతి వచ్చింది," అన్నాడు. "నిజమో కాదో నాకు తెలీదు. తెచ్చినవాని మీద నాకు అనుమానముంది. ఇప్పటికీ ఉంది. కానీ అనుమానం నాది, సంగతి మనందరిది. వినండి. విన్నాక ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పండి." అని సింహాచలాన్ని వేదిక మీదికి పిలిచాడు.

సింహాచలం మాట మొదలుపెట్టగానే యాసకు నవ్వారు. లారీ మాట వచ్చేసరికి నవ్వు ఆగింది. ముంతాజ్ లేచింది. ఎమర్జెన్సీ వెనక పాత స్టోరు గదికి ఈ మధ్య కొత్తగా కరెంటు లైను లాగుతున్నారనీ, ఎక్స్‌రే కోసమేమో అనుకున్నాననీ చెప్పింది. ఆ గది ఎక్స్‌రేకు చాలదని రేడియాలజీ పిల్ల ఒకామె అంది. పిల్లల వార్డు కుర్రాడు ఒకడు గుర్తు చేసుకుని, ఆ గదికి ఏసీలు బిగించేవాళ్లు 'మెషిన్లు వేడెక్కకుండా' అనుకోవడం విన్నానన్నాడు. సోమవారం ఉదయం ఎమర్జెన్సీ వైపు గేటు తాళం తెరిచే ఉంచమని వాచ్‌మన్‌కు ఎందుకు చెప్పారో ఇప్పుడు అర్థమైందని ఇంకొకరు అన్నారు. ఒక్కొక్కరి దగ్గరున్నది ఒక్కో పిసరు. విడిగా చూస్తే దేనికీ విలువ లేదు. చీకటి పడకముందే అవన్నీ ఆ హాల్లో ఒకచోట వేలాడాయి, ఎవరికి ఏది సరిపోతుందో వాళ్లు వచ్చి పట్టుకున్నారు. వాదులాడుకున్నారు. అరుచుకున్నారు. చివరకు సమ్మె వద్దనుకున్నారు. దానికి బదులు సోమవారం నుంచి ల్యాబు ఒక్క క్షణం మూతపడకుండా అందరూ వంతులు వేసుకుని నడపాలనీ, రోగుల బంధువులను తీసుకొచ్చి ఆ వరండాలోనే కూర్చోబెట్టాలనీ తేల్చుకున్నారు. పేరు సంగతి ఎవరో మళ్లీ ఎత్తారు. అప్పటికే సగం మంది వంతుల పంపకంలో మునిగిపోయారు.

సోమవారం ఉదయం లారీ నిజంగానే వచ్చింది. ల్యాబులో దీపాలు వెలుగుతున్నాయి, యంత్రాలు తిరుగుతున్నాయి, వరండా నిండా జనం. పసిబిడ్డలను ఒళ్లో వేసుకున్న తల్లులు లారీని ఎగాదిగా చూశారు. అత్యవసరం అనడానికి ఏమీ దొరకక సూపరింటెండెంటు తన గది కిటికీ తెర లాగేసుకున్నాడు. గేటు బయట ఎండలో నిలబడి నిలబడి లారీ మధ్యాహ్నానికి తిరిగి పోయింది. అప్పగింత ఆగిందని కాదు. ఈ దొంగలు ఇంకో దారి వెతుక్కుంటారు, ఇంకో అందమైన పేరుతో వస్తారు. ఆ రోజుకు మాత్రం రాలేకపోయారు.

మర్నాడు ఓబులేశు సుజ్ఞానమ్మ గారి గదికి వచ్చి, ఆమె పిలవకుండానే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. కన్ను మాత్రం ఆనించలేదు. నిద్ర లేక అతని ముఖం పీక్కుపోయి ఉంది.

"మేడం, వాడు తెచ్చింది నిజమే. ఒప్పుకుంటా," అన్నాడు. "కానీ ఇంతకుముందు మన మాటలు బయటికి మోసినవాడు ఎవడో ఇంకా తేలలే. వాడు కాడని రుజువు లేదు. రెండు పక్కలా తిన్నాడేమో. పక్కన కూర్చోని వంతు చేస్తా ఉన్నా, నా కన్ను వాని చేతుల మీదనే ఉంది. మీరే చెప్పండి మేడం. సింహాచలం మనవాడేనా, కాదా?"

సుజ్ఞానమ్మ గారు అప్పుడే కొత్త గాజుపలక ఒకటి తుడుస్తున్నారు. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, మరకేదో కనిపిస్తే మళ్లీ తుడిచారు.

"అది ఒక్క కణానికి తెలిసే సంగతే అయితే ఓబులేశూ," అన్నారు, "ఒంట్లో ఇన్ని ఎందుకుంటాయి?"